ప్రొఫెసర్ డోవెల్ తల: ఒక పాత అభిప్రాయానికి సవరణ

మూడేళ్ళ కిందట మా జిల్లా సమావేశంలో ఒక యువ రచయిత్రి కథ చదివింది. ఒక మనిషి చనిపోతాడు. అతని మెదడును మాత్రం గాజుసీసాలో, ఏదో ద్రవంలో వుంచి బతికిస్తారు. కథంతా ఆ మెదడు చెప్పుకునే స్వగతం. కళ్ళు లేవు, చెవులు లేవు, నాలుక లేదు. అయినా పన్నెండు పేజీల పాటు ఆలోచిస్తుంది. చర్చను నన్ను ప్రారంభించమన్నారు. నేను ఐదు నిమిషాల్లో ఆ కథను కొట్టిపారేశాను. చైతన్యం సామాజిక జీవితంలోంచి పుడుతుంది, దేహమూ ప్రపంచమూ లేనిచోట అది వుండటానికి వీల్లేదు, వుందనటం ఆత్మవాదం, ఆత్మను సీసాలో పోసినంత మాత్రాన అది శాస్త్రం కాదు. ఇదీ నా వాదం. చివరి మాటకు చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ అమ్మాయి లేచి ఒక్క ప్రశ్న వేసింది: "సార్, పక్షవాతం వచ్చి, మాట పోయి, మంచంలో కదలకుండా వున్న మనిషి సంగతేమిటి? మీ లెక్క ప్రకారం ఆమెకు చైతన్యం వున్నట్టా, లేనట్టా?"

"ఆమె" అని ఎందుకన్నదో తెలియదు. నా ఇంటి విషయం ఆమెకు తెలిసే అవకాశం లేదు. అప్పటికి ఎనిమిది నెలలుగా మా అమ్మ సరిగ్గా ఆ స్థితిలో వుంది. "అది వేరే విషయం" అని కూర్చున్నాను. సభాధ్యక్షుడు తర్వాతి కథకు వెళ్ళాడు.

అది వేరే విషయం కాదని ఒప్పుకోవటానికి నాకు ఇంతకాలం పట్టింది. సభలో చెప్పిన తప్పును సభలోనే సరిదిద్దుకోవాలి గనక ఈ పత్రికలో రాస్తున్నాను.

ముందు మాట సంగతి. మన విమర్శలో "చైతన్యం" అనే మాట చాలా బరువు మోస్తోంది. వర్గ చైతన్యం, సామాజిక చైతన్యం, చైతన్యవంతమైన పాత్ర. వైద్యుడు చెప్పేది స్పృహ. ఊళ్ళో అనేది తెలివి: "తెలివి తప్పింది", "తెలివొచ్చింది". నేను మూడింటినీ ఒకే సంచిలో వేసుకుని తిరిగాను. ఒక వర్గం తన స్థితిని తాను తెలుసుకోవటం గురించిన సూత్రాన్ని తీసుకుపోయి తెలివి తప్పిన మనిషి మంచానికి కట్టాను. సూత్రం తప్పు కాదు, కట్టినచోటు తప్పు.

మన నుడికారంలో ఇంకో విశేషం వుంది. జ్వరం ముదిరితే "ఒళ్ళు తెలియటం లేదు" అంటాం. గాఢనిద్రను "ఒళ్ళెరగని నిద్ర" అంటాం. జాగ్రత్తగా మాట్లాడమని చెప్పాలంటే "ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు" అంటాం. ఈ మాటల్ని బట్టి తెలుగువాడు తెలివిని తలలో కాదు, ఒంట్లో పెట్టాడని ఎవరైనా వ్యాసం రాయవచ్చు. నేనే ఒకసారి రాయబోయాను. కాని "బుర్ర లేదు", "తలకెక్కలేదు" అనేది కూడా ఆ తెలుగువాడే. నుడికారం సాక్షి మాత్రమే, న్యాయమూర్తి కాదు.

ఇక అసలు సంగతి. సీసాలో మెదడు కథను నేను భావవాదమని కొట్టిపారేసినప్పుడు, ఆ ఊహ పెరిగింది ఎక్కువగా భౌతికవాదుల పెరట్లోనే అన్న సంగతి మర్చిపోయాను. జె.డి. బెర్నాల్ మనకు "చరిత్రలో సైన్సు" రాసిన మనిషిగా తెలుసు. ఆయన 1929లో రాసిన చిన్న పుస్తకంలో భవిష్యత్ మానవుడు దేహాన్ని వదిలేసి, గొట్టంలాంటి పెట్టెలో భద్రపరచిన మెదడుగా మిగులుతాడు. అటువంటి మెదళ్ళు ఒకదానితో ఒకటి కలిసి ఆలోచిస్తాయి. సోవియట్ దేశంలో బ్ర్యుఖొనెంకో అనే వైద్యుడు 1920లలోనే ఒక యంత్రంతో రక్తం ఎక్కించి, తెగిన కుక్కతలను కొంతసేపు బతికించి చూపాడు. అదే కాలంలో, 1925లో, అలెగ్జాండర్ బెల్యాయేవ్ "ప్రొఫెసర్ డోవెల్ తల" అనే కథ రాసి, 1937లో దాన్ని నవలగా పెంచాడు.

ఈ నవలను నేను ఆ సమావేశం తర్వాతే ఇంగ్లీషు అనువాదంలో చదివాను. ముందే చదివివుంటే అంత ధైర్యంగా మాట్లాడివుండేవాణ్ణి కాదు.

కథ పారిస్‌లో జరుగుతుంది. డాక్టర్ కెర్న్ అనే శస్త్రవైద్యుడు, తన గురువు డోవెల్ తలను మొండెం నుంచి వేరుచేసి ప్రయోగశాలలో బతికిస్తున్నాడు. కొత్తగా పనిలో చేరిన మేరీ లోరాన్ రోజూ ఆ తల ముందు వైద్యపత్రికల పేజీలు తిప్పాలి. గొంతులోకి గాలి పంపే గొట్టానికి ఒక కుళాయి వుంది. దాన్ని తిప్పొద్దని కెర్న్ ఆజ్ఞ. ఆమె తిప్పుతుంది. తల మాట్లాడుతుంది. డోవెల్ పరిశోధనలనే కెర్న్ తన పేరుతో లోకానికి చూపబోతున్నాడని అప్పుడు తెలుస్తుంది. మేధావి ఆలోచన యజమానికి కావాలి, గొంతు మాత్రం అక్కర్లేదు. ఒక కుళాయితో ఇంత చెప్పిన బెల్యాయేవ్‌ను కేవలం వైజ్ఞానిక కాల్పనిక రచయిత అని పక్కన పెట్టటం మన అలవాటు.

అంతకంటే నన్ను ఆపినచోటు మరొకటి. డోవెల్ మొదట కెర్న్‌కు సహకరించడు. హింసించినా లొంగడు. అప్పుడు కెర్న్ అతని కళ్ళముందే శస్త్రచికిత్సలు చేస్తూ తప్పులు చేస్తాడు. తల ఆగలేకపోతుంది, తప్పు దిద్దుతుంది. కరెంటుకు లొంగని మనిషి పనికి లొంగాడు. చేతులు పోయినా, చేతులు జీవితమంతా చేసిన పని తలలో ఇంకా జరుగుతూనే వుంది. తన జీవితం గురించి లోరాన్‌తో చెప్పేటప్పుడు ఈ తల తత్వశాస్త్రం చెప్పదు. గదిలోకి ఎగిరొచ్చి ముఖం మీద పాకిన పురుగును తోలుకోలేని భయం చెబుతుంది. ఒక మామూలు రాయి బరువు చేతిలో తెలిసే సుఖం పోయిందని చెబుతుంది.

ఇది రచయిత కూర్చుని అల్లింది కాదు. బెల్యాయేవ్ వెన్నెముక క్షయతో మూడున్నరేళ్ళు ప్లాస్టర్ పడకలో వున్నాడు. దేహం కింది సగం చచ్చుబడింది, దాని స్పర్శ కూడా తెలియలేదు. తల ఒక్కటే వున్న మనిషి ఏమి అనుభవిస్తాడో తనకు అప్పుడు తెలిసిందని తర్వాత తనే రాసుకున్నాడు. ఆ రోజుల్లో చేతులు మాత్రం ఆడేవి. ఆయనే 1942లో, జర్మన్ సేనలు ఆక్రమించిన పుష్కిన్ పట్టణంలో మరణించాడు.

నవలకు లోపాలు లేకపోలేదు. రెండో సగం పరుగులూ, పిచ్చాసుపత్రీ, తప్పించుకోవటాలూ. డిటెక్టివ్ నవల చదివినట్టే వుంటుంది. కాని మరో రెండు తలలున్నాయి. ఒకటి కారు కింద పడిన టోమా అనే కార్మికుడిది, రెండోది బ్రికె అనే పానశాల గాయనిది. డోవెల్ తల కెర్న్‌కు ఆస్తి. టోమా తలతో అతనికి ప్రదర్శనకు తప్ప పనేమీ లేదు. ఎందుకంటే టోమా అమ్ముకున్నది చేతులనే. మేధాశ్రమకూ శరీరశ్రమకూ మధ్య గీత మనిషి మెడమీదుగా పోతుందని ఇంత నేరుగా చూపిన రచన నేను మరొకటి చదవలేదు. బ్రికె తలకు మాత్రం మరో స్త్రీ మొండెం అతికిస్తారు. ఆ కొత్త దేహం ఆమె అలవాట్లనూ, ఆలోచనలనూ మార్చటం మొదలుపెడుతుంది.

ఇక్కడ మన బేతాళుడు గుర్తురాక మానడు. భర్త తల అన్న మొండేనికీ, అన్న తల భర్త మొండేనికీ అతుక్కుంటే భర్త ఎవరు? విక్రమార్కుడు తలే ప్రధానమని తీర్పు చెబుతాడు, మౌనం చెడుతుంది, బేతాళుడు చెట్టెక్కుతాడు. చందమామ చదివిన రోజుల్లో మనమంతా ఆ తీర్పును ఒప్పుకున్నాం. థామస్ మాన్ 1940లో ఆ కథను మళ్ళీ రాశాడు. గిరీష్ కర్నాడ్ 1971లో "హయవదన"గా నాటకం చేశాడు. కర్నాడ్ నాటకంలో కాలం గడిచేకొద్దీ దేహాలు తలల దారికి వస్తాయి, కాని చేతులకు వెనకటి జ్ఞాపకాలుంటాయి. బెల్యాయేవ్‌లో తలే దేహం దారికి వస్తుంది. రెండూ ఊహలే. కాని తలే రాజు అన్న విక్రమార్కుడి తీర్పుకు ఇద్దరూ అప్పీలు వేసినవాళ్ళే.

సరే, ఇదంతా సాహిత్యం. నా వాదానికి నేను ఆధారం చేసుకున్నది సాహిత్యం కాదు, జగోర్స్క్. పాతతరం మిత్రులకు ఈ పేరు తెలిసేవుంటుంది. మాస్కోకు దగ్గర్లోని ఆ ఊళ్ళో 1963లో చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల కోసం ఒక విద్యాలయం పెట్టారు. మెష్చెర్యకోవ్ అనే మనోవైజ్ఞానికుడు దాన్ని నడిపాడు. తత్వవేత్త ఇల్యెంకోవ్ దానికి అండగా నిలిచాడు. వాళ్ళు పాఠం మొదలుపెట్టింది అక్షరంతో కాదు, చెంచాతో. పిల్లవాడి చేతిలో చెంచా పెట్టి, ఆ చేతిని పెద్దవాళ్ళు పట్టుకుని నోటిదాకా తీసుకుపోతారు. పిల్లవాడు మొదట విదిలిస్తాడు. కొన్నాళ్ళకు ఆ చేయి తనంతట తాను కొంచెం కదులుతుంది. పెద్దచేయి ఆ కొంచెం మేరకు పట్టు వదులుతుంది. మనిషి తయారుచేసిన వస్తువును మనిషిలా వాడటంలోనే మనసు పుడుతుందని ఇల్యెంకోవ్ వాదం. ఆ విద్యాలయం నుంచి నలుగురు 1971లో మాస్కో విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానశాస్త్ర విభాగంలో చేరి 1977లో పట్టాలు తీసుకున్నారు. పాఠశాలలో ఒకటో తరగతి పిల్లల చేతులు పట్టుకుని పలకమీద దిద్దించినవాణ్ణి గనక ఈ చెంచా కథ నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది. ఇప్పటికీ కదిలిస్తుంది.

కాని ఈ ఉదాహరణలో ఒక చిల్లి వుంది. నేను దాన్ని చాలాకాలం దాచాను, నా దగ్గర కూడా. ఆ నలుగురూ పుట్టుకతో అంధబధిరులు కారు. వారిలో ప్రసిద్ధుడైన అలెగ్జాండర్ సువోరోవ్‌కు మూడేళ్ళప్పుడు చూపు పోయింది, తొమ్మిదేళ్ళప్పుడు వినికిడి పోయింది. అంటే అప్పటికి అతనికి భాష వచ్చు. ఇల్యెంకోవ్ మరణం తర్వాత, 1980లలో, సోవియట్ పండితులే ఈ మాట ఎత్తి గట్టిగా వాదించుకున్నారు. హెలెన్ కెల్లర్‌కు కూడా పందొమ్మిదో నెలదాకా చూపూ వినికిడీ వున్నాయి. చెంచా మనసును పెంచుతుందని జగోర్స్క్ చూపింది. ఏమీలేని చోట మనసును పుట్టిస్తుందని చూపలేదు. అంతకన్నా ముఖ్యం, ఒకసారి పుట్టి పెరిగిన మనసు లోకంతో తెగిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు అది జవాబే కాదు.

నేను కలిపేసింది ఈ రెండు ప్రశ్నలనే. పుట్టటం ఒకటి, మిగలటం ఒకటి. అమెరికన్ తత్వవేత్త హిలరీ పుట్నం 1981లో సీసాలో మెదడు గురించి చేసిన ప్రసిద్ధ వాదం కూడా ఈ గీతమీదే నిలబడింది. (ఆయన 1960ల చివర కొంతకాలం మావోయిస్టు సంస్థలో పనిచేసి, తర్వాత దూరమైనవాడు.) మొదటినుంచీ సీసాలోనే వున్న మెదడు "సీసా" అనుకున్నా, ఆ మాటకు అసలు సీసాతో సంబంధం వుండదు, ఎందుకంటే మాటకు అర్థం తలలోపల పుట్టేది కాదు అంటాడు. బాగుంది. కాని నిన్నటిదాకా బజారులో తిరిగి, సీసాల్లో కిరసనాయిలు కొనుక్కుని, ఇవాళే సీసాలో పడ్డ మెదడు మాటేమిటి? దాని మాటలకు నిన్నటి అర్థం వుంది. మా యువ రచయిత్రి కథలోని మెదడు ఈ రెండో రకం. నేను దాన్ని మొదటి రకం నేరానికి శిక్షించాను.

మిగిలిన మనసు ఎంతకాలం మిగులుతుంది? కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ బృందం 1951 నుంచి 1954 దాకా ఒక ప్రయోగం చేసింది. విద్యార్థులకు రోజుకు 20 డాలర్లిచ్చి, కళ్ళకు మసక అద్దాలు, చేతులకు అట్టగొట్టాలు తొడిగి, ఎడతెగని ఒకే మోత వినిపిస్తూ గదిలో పడుకోబెట్టారు. చాలామంది రెండు మూడు రోజులకు మించి వుండలేకపోయారు. ఆలోచన నిలవలేదు, లేని బొమ్మలు కనిపించాయి. డబ్బిచ్చింది ఆ దేశపు రక్షణ పరిశోధన శాఖ. ఖైదీని విరగ్గొట్టటానికి కొరడా అక్కర్లేదు, లోకాన్ని తీసేస్తే చాలని ప్రభుత్వాలు అర్థం చేసుకున్నాయి. గోడల మధ్య ఒంటరిగా వుంచే గది కూడా ఒక సీసాయే. అందులో మనసు వెంటనే ఆరిపోదు. వెనకటి నిల్వ తింటూ బతుకుతుంది, తర్వాత తన్ను తాను తినటం మొదలుపెడుతుంది.

నిజమైన సీసాల సంగతి ఒక మాట. 2019లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కబేళా నుంచి తెచ్చిన 32 పందుల మెదళ్ళకు, చనిపోయిన నాలుగు గంటల తర్వాత, ఆరు గంటలపాటు ఒక ద్రవాన్ని ఎక్కించారు. కణాలు కొంత పని చేశాయి. మెదడంతా కలిసి పనిచేస్తున్నట్టు చూపే విద్యుత్ తరంగాలు రాలేదు. రాకుండా వుండాలనే ద్రవంలో మందు కలిపారు. ఒకవేళ వస్తే మత్తిచ్చి ఆపటానికి సిద్ధంగా కూడా వున్నారు. నాకు ముఖ్యమనిపించింది ఫలితం కాదు, ఆ భయం. దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడు దొంగను కుండలో మూసి, కాల్చి, ఆత్మ బయటికి వస్తుందేమో చూస్తాడు. ఆత్మ లేదని రుజువు చేసుకుంటాడు. కుండలో వున్నవాడికి ఏమైందని మాత్రం అడగడు. అతను నాస్తికుడు, నా పక్షం మనిషి. ఆ సమావేశంలో నేను చేసింది పాయాసి పనే.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన అసలు ప్రశ్న. మంచంలో వున్న మనిషి సీసాలో మెదడు కాదు. ఆకలి వుంది, ఊపిరి వుంది, పక్క తడిస్తే చలి వుంది, చెవులున్నాయి. పోయింది ప్రపంచం కాదు, ప్రపంచానికి జవాబిచ్చే దారి. నేను చెప్పలేకపోవటాన్ని లేకపోవటంగా లెక్కకట్టాను. 2006లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు, రోడ్డు ప్రమాదం తర్వాత ఐదు నెలలుగా ఏ స్పందనా లేని 23 ఏళ్ళ యువతిని మెదడు చిత్రాలు తీసే యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నాడు, తర్వాత మీ ఇంట్లో గదిగదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నాడు. ఆరోగ్యవంతుల మెదళ్ళలో పనిచేసే భాగాలే ఆమె మెదడులోనూ పనిచేశాయి. 2024లో మరో పెద్ద పరిశీలన వచ్చింది. చెప్పినమాటకు పైకి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది, లోపల ఆ మాట ప్రకారం చేస్తున్నట్టు తేలింది. నలుగురిలో ఒకరు.

ఇది చదివి భావవాది సంబరపడనక్కర్లేదు. ఆ యువతి దొరికింది ఎలా? బ్యాటు ఊపే చేతి ద్వారా, ఇంటి గడపల ద్వారా. కదలని దేహంలో మనసు కనిపించిన చోటు కదలికే. కాని నా వంటి భౌతికవాది కూడా సంబరపడటానికి వీల్లేదు. ఆ పరికరం లేకపోతే ఆమెను నేను లేనిదానిగా జమకట్టేవాణ్ణి, సిద్ధాంతం పేరు మీద.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళకు పైగా బీడీలు చేసింది. నా ఎం.ఏ. ఫీజు ఆ బీడీలదే. ఒడిలో చాట, తునికాకు, కత్తెర, దారం. కట్టకు 25. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కళ్ళు తెరిచేవుండేవి గాని మమ్మల్ని చూస్తున్నట్టుండేవి కావు. చూసిన వైద్యుడు ఆమెకేమీ తెలియదన్నాడు. నేను నమ్మాను. నమ్మటం నాకు తేలిక, నా సిద్ధాంతానికి సరిపోయింది గనక. అక్క నమ్మలేదు. పొద్దున్నే వెళ్ళి ఏం కూర వండుతున్నదీ చెప్పేది, వాయిదా కట్టనివాళ్ళ మీద చాడీలు చెప్పేది. చదువుకోనిదాని మూఢత్వమనుకున్నాను.

అమ్మ ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి మీద దొర్లుతుండేది. గంటల తరబడి. వైద్యుడు అది నరాల కదలికే, దానికి అర్థం లేదన్నాడు. అక్క ఒకరోజు పిలిచి, "తమ్మీ, అమ్మ బీడీలు చేస్తున్నదిరా, చూడు" అంది. చూశాను. వేళ్ళు అట్లాగే తిరుగుతున్నాయి. అక్క పక్కింటి నుంచి కత్తిరించిన తునికాకు ఒకటి తెచ్చి ఆ వేళ్ళమధ్య పెట్టింది.

వేళ్ళు ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆకు తగలగానే నరం ఆగిందా? లేక నిజమైన ఆకు వచ్చాక ఇక ఊహలో చేయాల్సిన అవసరం లేకపోయిందా? అక్క దగ్గర జవాబుంది, నా దగ్గర లేదు. సమావేశం జరిగిన ఆరు నెలలకు అమ్మ పోయింది.

తిరిగి సాహిత్యానికి వస్తాను. చైతన్యస్రవంతి పద్ధతి పేరు చెబితే మనలో కొందరికి ఇప్పటికీ చిరాకు. నాకూ వుండేది. "అంపశయ్య" 1969లో వచ్చినప్పుడు మనిషిని సమాజం నుంచి తెంచి అతని తలలో బంధించే శిల్పమని అనుకున్నవాళ్ళుంటే ఆశ్చర్యంలేదు. కాని మళ్ళీ చదివి చూడండి. రవి తలలో ప్రవహిస్తున్నదేమిటి? పరీక్షలు, డబ్బు లేకపోవటం, హాస్టలు, ఊరు, ఇంట్లోవాళ్ళు. విశ్వవిద్యాలయంలో చదివే పల్లె కుర్రాడి తలలోకి ఆనాటి తెలంగాణ అంతా వచ్చి కూర్చుంది. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. ఒంటినిండా బాణాలతో కదలలేక పడుకున్న భీష్ముడు ఎరిగినంత లోకం, చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరు ఎరుగుదురు? గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు వేరు. అతనికి కాళ్ళూ చేతులూ అన్నీ వున్నాయి. ఒక్కొక్క సంబంధమే తెంచుకుంటూ పోయి, నడుస్తూ తిరుగుతూనే సీసాలో పడ్డాడు. చివరకు ఆ తల తన్ను తానే తినేసింది. మెక్‌గిల్ గదిలో జరిగినదాన్ని గోపీచంద్ దానికి ముందే, 1940లలోనే రాశాడు.

అందుచేత కథలోని మనిషి ఒంటరిగా వున్నాడా లేడా అన్నది ప్రశ్న కాదు. అతను ఏమి వెంటతెచ్చుకున్నాడన్నది ప్రశ్న. ఈ ప్రశ్న పట్టుకుని ఆ యువ రచయిత్రి కథను గత నెలలో తెప్పించుకుని మళ్ళీ చదివాను. సీసాలో మెదడు ఆలోచించటం అందులో దోషం కాదు. ఆ మెదడు పన్నెండు పేజీల్లో ఒక్కసారి కూడా దురద పెట్టిందనుకోదు. లేని కాలు ముడుచుకోబోదు. అనంతం గురించీ, మృత్యువు గురించీ పూర్తి వాక్యాల్లో ఆలోచిస్తుంది. నేను ఆ రోజు చెప్పవలసింది ఇది. చెప్పలేదు, ఎందుకంటే నేను కథ వినలేదు, సిద్ధాంతం విన్నాను.

ఆమెకు ఉత్తరం రాశాను. సభలో అన్నమాటలు వెనక్కి తీసుకుంటున్నానని రాసి, కింద ఒక్క ప్రశ్న వేశాను: చనిపోకముందు మీ మనిషి ఏం పని చేసేవాడు? కథలో ఎక్కడా లేదు. జవాబు ఇంకా రాలేదు.